నూరున్నీసా పండ్ల సెట్టు

పుంగనూరు సాయిబుల వీధుల్లో ఆడమనిషి ఎవరైనా కన్నుమూస్తే, ఆ ఇంటివాళ్ళు ముందు మసీదుకు కబురు పంపుతారు, ఆ వెంటనే నూరున్నీసాకు. శవానికి ఆఖరి స్నానం చేయించడం ఆమె పని. దాన్ని గుసుల్ అంటారు. దానికి జీతం లేదు, బత్తెం లేదు. మండే ఎండలో పిలిచినా పండగపూట పిలిచినా, తింటున్న కంచం పక్కకు నెట్టి, బుర్ఖా తగిలించుకుని బయలుదేరేది. పెళ్ళికి ఆమెను పిలవడం మరిచిపోయినవాళ్ళు కూడా చావుకు మాత్రం మరిచిపోయేవాళ్ళు కాదు. ఊరి సంగతి అంతే, దానికి బాధపడి లాభం లేదు.

కోడలు అస్మాకు ఆ చేతులంటే మొదట్లో భయంగా ఉండేది. పలమనేరు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో, అత్త కలిపి పెట్టిన అన్నం నోట్లో పెట్టుకోవడానికే ఆమెకు మనసొప్పేది కాదు. పోనుపోను అలవాటైంది. ఇల్లు కూడా భయపడుతూ కూర్చునేంత పెద్దది కాదు. ముందుగదిలో ఆమె మొగుడు ఇక్బాల్ పరుపులు కుట్టే అంగడి, వెనక ఒక్కటే గది. మామ నూర్ అహ్మద్ దూది ఏకి ఏకి, దగ్గి దగ్గి పోయాడు. ఆయన పోయినా దూది పోలేదు. తలలో దూది, చాపమీద దూది, చారులో కూడా దూదే. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ. అత్తాకోడళ్ళకు కోపం వస్తే మాత్రం ఇద్దరూ తెలుగులోకి దిగేవాళ్ళు. తిట్టుకోవడానికి అదే సుఖంగా ఉండేదేమో.

ఒకే గదిలో అన్నేళ్ళు బతికినా అస్మా చూడనిది ఒకటుంది. పండ్లు లేని అత్త నోరు. నూరున్నీసావి కట్టుడు పండ్లని వీధి మొత్తానికి తెలుసు. ఆ వయసులో అంత తెల్లటి పలువరుస ఎవరికి ఉంటుంది? కానీ తెలియడం వేరు, చూడడం వేరు అని ఆమె పట్టుదల. స్నానాలగదిలో గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, ఆ శబ్దం మాటున సెట్టు తీసి, పండ్లపొడితో గరగర తోమి, మళ్ళీ పెట్టుకునే బయటికి వచ్చేది. రాత్రి పడుకున్నా తీసేది కాదు.

ఆ సెట్టు కట్టింది మదనపల్లెలో డాక్టరు మాధవీలత. కట్టిన రోజు అస్మా కూడా వెంట వెళ్ళింది కాబట్టి ఆమె చెప్పిన జాగ్రత్తలన్నీ చెవులారా విన్నది. "రాత్రి తప్పకుండా తీసేయాలమ్మా, చిగుళ్ళకు కాస్త విశ్రాంతి కావాలి. మెత్తటి బ్రష్షుతో చన్నీళ్ళలో కడిగి, గిన్నెలో నీళ్ళు పోసి మునిగేట్టు పెట్టండి. పండ్లపొడి వద్దు, గీతలు పడతాయి. వేడినీళ్ళు అసలు తగలనీయొద్దు, వంకరపోతుంది. ఎక్కడైనా ఒరుసుకుని పుండు పడితే మీ అంతట మీరు వైద్యం చేసుకోకుండా నా దగ్గరికి వచ్చేయండి." నూరున్నీసా ప్రతి మాటకూ బుద్ధిగా తల ఊపింది. బస్సెక్కాక, "రాత్రిపూట తీసి గిన్నెలో ఎయ్యాలంట! ఒక్క గదిలో మొగపిల్లోడి ముందర!" అంది. ఆ జాగ్రత్తల కథ అక్కడితో సరి.

ఆ సిగ్గుకు ఒక కారణం ఉంది. నూరున్నీసా తల్లి సోమల ఊళ్ళో పోయింది. చివరిచూపుకు మొహం మీది గుడ్డ తీసినప్పుడు, పండ్లు లేని నోరు లోపలికి పీక్కుపోయి, గడ్డం వెళ్ళి ముక్కుకు తగిలేట్టు ఉంది. వరసలో నిలబడిన పసిపిల్ల ఒకతి కెవ్వుమంది. ఎవరో కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గుతో కప్పిపుచ్చారు. తల్లి పోయిన దుఃఖం ఎప్పుడో చల్లారింది గానీ ఆ నవ్వు మీద కోపం నూరున్నీసాకు చివరిదాకా చల్లారలేదు.

అందుకే తన పనిలో ఆమె ఎవరూ నేర్పని పద్ధతి ఒకటి పెట్టుకుంది. కట్టుడు పండ్లు ఉన్న మనిషి పోతే, వాటిని తీసేశాకే శవాన్ని పూడ్చాలి. మామూలుగా స్నానానికి ముందే తీసి ఇంటివాళ్ళకు ఇచ్చేస్తారు. నూరున్నీసా మాత్రం వాటిని తీసి, కడిగి, తిరిగి నోట్లో అమర్చేది. ఆడవాళ్ళంతా వచ్చి దీదార్ చూసుకుని, అంటే చివరిచూపు చూసుకుని పక్కకు తప్పుకున్నాక, శవానికి చుట్టే కఫన్ గుడ్డకు ముడివేసే ముందు, దుప్పటి చాటున మెల్లగా బయటికి తీసి ఇంటివాళ్ళ చేతికి ఇచ్చేది. ముసలామె నిద్రపోతున్నట్టే ఉందే అని జనం అనుకుంటే ఆమెకు అదే చాలు.

జులేఖా బీ పోయినప్పుడు నూరున్నీసా కోడలిని మొదటిసారి వెంటబెట్టుకుని వెళ్ళింది. "నా తర్వాత ఈ పని ఎవరు చేస్తారు? నువ్వే నేర్చుకోవాల," అంది. అక్కడ నీళ్ళు పోయడానికి ఎప్పటిలాగే బషీరున్ బీ తోడుంది. ఆమె నూరున్నీసా ఈడు మనిషే, పక్కవీధిలో గాజులు అమ్మేది. ఆమెవీ కట్టుడు పండ్లే. నవ్వినా మాట్లాడినా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే మనిషి. ఆ ఇద్దరూ దన్నుగా ఉంటే అస్మా భయంభయంగానే చెంబుతో నీళ్ళు పోసింది. అత్త చేతులు ఎంత మెత్తగా పనిచేస్తాయో ఆ రోజే చూసింది. శవం చెవి వెనకాల కడుగుతున్నప్పుడు కూడా, ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నట్టు వేళ్ళు ఆనించింది. అస్మా భయం ఆ రోజుతో పోయింది.

అంతా బాగానే జరిగింది. చివర్లో పండ్ల సెట్టు గుడ్డలో చుట్టి ఇవ్వబోతే జులేఖా కూతురు వెనక్కి జరిగింది. "ఛీ, నాకెందుకు ఖాలా? యాడన్నా పారేయ్!" అంది. నూరున్నీసా ఆ మూట తీసుకుని, వాళ్ళ పెరట్లో దానిమ్మచెట్టు కింద గుంత తీసి పూడ్చింది.

గుసుల్ ఇచ్చి వచ్చాక ఇంట్లో తానూ స్నానం చేయడం ఆమె ఆచారం. ఆ రోజు, శవానికి పోసే నీళ్ళలో వేసినట్టే, తన స్నానపు నీళ్ళలో కూడా రేగి ఆకులు వేసి మరిగించుకుంది. శవం నోట్లోంచి పండ్లు తీసిన చేత్తోనే తన పండ్లు తాకాలాయె, పైగా జులేఖా కూతురు అన్న ఛీ ఇంకా చెవిలోనే ఉంది. మామూలు నీళ్ళకు ఆ అంటు పోదని ఆమెకు తోచింది. పొగలు కక్కుతున్న ఆ నీళ్ళు తీసి తన సెట్టు రెండు పలకలూ అందులో వేసింది. ఎంతో మందిని శుభ్రం చేసిన నీళ్ళు కదా, వాటి మీద ఆమెకు డాక్టరమ్మ మీదకంటే నమ్మకం ఎక్కువ. తీసి పెట్టుకుంటే కిందిది కుదురుగా కూర్చోలేదు. ఒక పక్క లేచింది.

వెంటనే మదనపల్లె బస్సెక్కి ఉంటే ఏముంది, డాక్టరమ్మ రెండు చీవాట్లు పెట్టి సరిచేసి ఉండేది. వెళ్ళాలంటే నోరు తెరవాలి, చేసిన పని చెప్పుకోవాలి. ఇంట్లో దూదికి కరువా? అంగడిలోంచి మెత్తటి దూది చిటికెడు తీసి, వత్తిలా చేసి, కదిలే పక్కన సెట్టు కింద దోపుకుంది. కుదిరింది. తన తెలివికి తానే మురిసిపోయింది. పైగా ఆకువక్కలో వేసుకునే పొగాకును కూడా ఆ పక్కనే అదిమి పెట్టుకునే అలవాటు ఆమెకు ఎప్పటినుంచో ఉంది.

చిగురు ఒరుసుకుని పుండు పడింది. పుండు మీద దూది, దూది మీద సెట్టు, పక్కన పొగాకు. రంజాన్ వచ్చింది. ఉపవాసాల నెలలో పగలు తినకపోతే అడిగేవాళ్ళు ఎవరుంటారు? సాయంత్రం కూడా ఆమె గంజి మాత్రమే తాగుతుంటే, అమ్మకు భక్తి పెరిగిందని ఇక్బాల్ మురిసిపోయాడు. తలగడ మీద అస్మాకు ఒకరోజు గోధుమరంగు మరక కనిపించింది. ఇంకోరోజు ఎర్రటిది.

"అమ్మీ, నోట్లో ఏమైనా పుండు ఉండాదా?" అని అడిగింది.

"నా నోటితో నీకేం పని? పొయ్యి మీద పాలు పొంగుతాండాయి, అది సూడు పో," అని కసిరింది నూరున్నీసా.

కోడలు ఒకసారి అడగొచ్చు, రెండుసార్లు అడగొచ్చు. మూడోసారి అడిగితే నోటిదురుసు అంటారు. అస్మా మొగుడితో చెప్పింది. "ఆడోళ్ళ సంగతులు నాకు సెప్పొద్దు," అన్నాడు ఇక్బాల్, పరుపుకు సూది దింపుతూ. పాలు పోయడానికి వచ్చే చెంగమ్మ మాత్రం మొహమాటం లేని మనిషి. ఒకరోజు గుమ్మంలో నూరున్నీసాతో మాట్లాడి వెళ్తూ, అస్మాను వీధిలోకి లాగింది. "అస్మమ్మా, మీ అత్త నోట్లో ఏందో కుళ్ళుతాండాది. మా ఆవు దవడకు పుండు పడినప్పుడు ఇట్లే వాసన వచ్చె. దాన్నే డాక్టరుకాడికి తోలుకుపోతిమి. మనిషినెట్ల వదిలేస్తారమ్మా?" అంది. అస్మాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఎంత సిగ్గయినా అత్త నోరు మాత్రం తెరుచుకోలేదు.

ఆ రోజుల్లోనే బషీరున్ బీ రెండుమూడుసార్లు అంగడికి వచ్చి, చెవినొప్పి అని చెప్పి కాస్త దూది అడిగి పట్టుకెళ్ళింది. ఆమె అరుగు మీద కూర్చుంటే నూరున్నీసా ఆమె చెవిలో ఏదో చెప్పేది. ముసలివాళ్ళ ముచ్చట్లు అనుకుంది అస్మా.

బక్రీదు నాడు అందరి ముందూ కూరగిన్నె పెట్టుకుని, నూరున్నీసా ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టలేదు. చెత్తబుట్టలో, ఎముకల కింద, నెత్తురు చీము అంటిన దూదివత్తులు అస్మాకు దొరికాయి. వాటిని కాగితంలో పెట్టుకుని వచ్చి అత్త ముందర పరిచింది.

"ఇదేంది? నోరు తెరువు అమ్మీ. నేను సూడాల."

"నేను సచ్చినాక తెరుద్దువులే! నీకు నేర్పిందే అందుకు!"

ఆ మాట విని అస్మా ఏడ్చేసింది. నూరున్నీసా ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

చివరికి ఆమెను కదిలించింది కోడలి ఏడుపు కాదు, తన పనే. వీధి చివర ఒక బాలింత పోయింది. ఆ పిల్లకు నీళ్ళు పోస్తూ కలిమా చదవబోతే, నూరున్నీసా నాలుక తిరగలేదు. నోట్లోంచి గొరగొర శబ్దం వచ్చి, చొంగతో కలిసిన ఎర్రటి చుక్క ఒకటి పక్కన పరిచి ఉంచిన తెల్ల కఫన్ మీద పడింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బషీరున్ ఆ గుడ్డను గబుక్కున మడతపెట్టింది. మిగతా కలిమా అస్మా చదివి, స్నానం ముగించింది. మరునాడు నూరున్నీసా తనంతట తానే బుర్ఖా వేసుకుని, "మదనపల్లెకు పోదాం పా," అంది. "లోపలికి మాత్రం నువ్వు రావద్దు."

అస్మా వినలేదు, లోపలికి వెళ్ళింది. డాక్టరు మాధవీలత సెట్టు బయటికి తీసి పళ్ళెంలో పెట్టింది. అత్త మొహం ఒక్కసారిగా కుంగిపోయింది. అస్మాకు ఆ మనిషి ఎవరో కొత్త మనిషిలా కనిపించింది. నూరున్నీసా కళ్ళు గట్టిగా మూసుకుంది. డాక్టరమ్మ లైటు వేసి నాలుక పక్కకు జరిపి చూసి, మెడ కింద వేళ్ళతో తడిమి, మళ్ళీ అక్కడే తడిమింది. తిడితే బాగుండునని అస్మాకు అనిపించింది.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగింది చివరికి.

"సెట్టు ఒరుసుకునిందమ్మా, ఇంకేం కాదు," అంది నూరున్నీసా, పండ్లు లేని నోటితో, చెయ్యి అడ్డం పెట్టుకుని.

డాక్టరమ్మ అస్మాను బయటికి పిలిచింది. "సెట్టు ఒక్కటే ఇంత పని చేయదు. చాలా వరకు పొగాకే చేసి ఉంటుంది. కానీ పుండు రెండు వారాల్లో మానకపోతే ఎవరికైనా చూపించాలి కదా. సెట్టు తీయకపోవడంతో, కింద దూది పెట్టడంతో అది ఎవరి కంటా పడలేదు. ముక్క తీసి పరీక్షకు పంపుతారు. కుప్పం పెద్దాసుపత్రికి రాసిస్తాను, రేపే వెళ్ళండి," అంది. ముక్క పరీక్షలో ఏం వస్తుందో ఆమె గొంతులోనే తెలిసిపోయింది.

కుప్పంలో కింది దవడ ఎడమవైపు సగం తీసేశారు. మెడలో గడ్డలు తీశారు. ఆ తరువాత క్యాన్సరుకు కరెంటు పెట్టారు. మంచం పక్కన కూర్చున్న కోడలికి నూరున్నీసా అక్కడే ఒక్కొక్కటిగా చెప్పుకుంది, వేడినీళ్ళ సంగతి, దూది సంగతి, తల్లి దీదార్ నాటి నవ్వు సంగతి. ఆమె మాట ఇప్పుడు అస్మాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇక్బాల్ కూడా అర్థం కాక ఊరికే తల ఊపి, బయటికి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడేవాడు. చెప్పిన రోజున సూది ఆపి ఒక్కమాట విని ఉంటే అని అస్మాకు అతని మీద మంటగా ఉండేది. అతన్ని ఆ గోడ దగ్గర చూస్తే మాత్రం ఏమీ అనబుద్ధయ్యేది కాదు.

ఇంటికి వచ్చాక నూరున్నీసా చేసిన పని అస్మా జన్మలో మరిచిపోదు. ఆ సెట్టు ఇక ఆమెకు పట్టదు, పట్టే దవడ లేదు. అయినా చిన్న స్టీలుగిన్నె తెప్పించుకుంది. మెత్తటి బ్రష్షు తెప్పించుకుంది. సెట్టు జారి పడినా విరగకుండా కింద గుడ్డ పరుచుకుని, ప్రతి ఉదయం చన్నీళ్ళలో సందుసందునా తోమి, గిన్నెలో కొత్తనీళ్ళు పోసి, మునిగేట్టు పెట్టేది. డాక్టరమ్మ చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేసేది. గిన్నెను కిటికీలో అందరికీ కనిపించేట్టే ఉంచేది. అస్మాకు అది చూస్తే ఒళ్ళు మండేది. ఇదేదో అప్పుడే చేసి ఉంటే అని నోటిదాకా వచ్చిన మాటను మింగేసేది.

"దీదార్‌కు పెడతావు కదా?" అని అడిగింది ఒకరోజు నూరున్నీసా, గిన్నెవైపు చూపిస్తూ.

"పెడతా అమ్మీ." పట్టదని ఇద్దరికీ తెలుసు.

మామిడికాయలు దిగే కాలంలో ఆమె పోయింది. నూరున్నీసాకు గుసుల్ ఇవ్వడానికి ఊళ్ళో అస్మా తప్ప ఎవరూ మిగల్లేదు. బషీరున్ నీళ్ళు పోసింది. రేగి ఆకుల నీళ్ళు, అత్త నేర్పిన చేతులు. చెవి వెనకాల కడిగేటప్పుడు అస్మా వేళ్ళు కూడా మెత్తగానే ఆనాయి. ఆ తరువాత గిన్నెలోంచి సెట్టు తీసింది. పైది ఎలాగో నిలబడింది. కిందిది ఎటు తిప్పినా నిలబడదు. అది పక్కన పెట్టేసి, అంగడిలోంచి తెచ్చిన దూది తీసుకుని, దవడ లేని పక్క కొంచెం కొంచెంగా నింపింది. పరుపు కుట్టే ఇంటి కోడలు, ఎక్కడ ఎంత దూది పెట్టాలో ఆమెకు తెలుసు. చెంప లేచింది. పెదవి నిలిచింది. గడ్డం కింద గుడ్డ కట్టి, మచ్చ కనబడకుండా కఫన్ అంచు జరిపింది.

ఆడవాళ్ళు వరసగా వచ్చారు. చెంగమ్మ కూడా వచ్చి కళ్ళు ఒత్తుకుంది. "ఏం మారలేదు నూరమ్మ, నిద్రపోతాండేటట్లే ఉండాది," అన్నారు. "పుణ్యాత్మురాలు, అంత కష్టం పడినట్టే లేదు," అన్నారు. ఏ పసిపిల్లా కెవ్వుమనలేదు, ఎవరూ నవ్వలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నందుకు అస్మాకు తృప్తి కలగాలి. కోపం వచ్చింది. ఆమెను చంపినదాన్ని తన చేతులతో తానే మళ్ళీ కప్పిపెట్టినట్టయింది.

అందరూ పక్కగదిలోకి వెళ్ళాక, ముడి వేయడానికి అస్మా, బషీరున్ మిగిలారు. అత్త అయితే దుప్పటి చాటున తీసేది. అస్మా దుప్పటి పట్టలేదు. గడ్డం గుడ్డ విప్పి, సెట్టు తీసి, దూది మొత్తం బయటికి లాగింది. మొహం సగం కూలిపోయింది. బషీరున్ అమ్మో అంటూ కళ్ళు తిప్పుకోబోయింది.

"తిప్పుకోవద్దు ఖాలా. సూడు. నోరు సూపించలేక పోయింది మా అమ్మీ." అంది అస్మా. "నీ సెట్టు రాత్రిపూట తీస్తాండావా?"

బషీరున్ చెయ్యి అలవాటుగా నోటిమీదికి పోయింది. నూరున్నీసా మొహంవైపు చాలాసేపు చూసింది. తరువాత చెయ్యి మెల్లగా దించి, నోట్లో వేళ్ళు పెట్టి, కిందిసెట్టు తీసి అస్మా అరచేతిలో పెట్టింది. పండ్లు లేని నోటితో అస్మా ముందు అలాగే నిలబడింది, ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అస్మా సెట్టును వెనక్కి తిప్పి చూసింది. అడుగున, చెవినొప్పికని తమ అంగడిలో అడిగి తీసుకెళ్ళిన దూది అతుక్కుని ఉంది. దాని మీద ఎర్రటి మరక ఉంది.